కెర్నల్ బిల్డ్‌కు కూర్చునే ముందు: సోర్స్ లేని డ్రైవర్ ఫైళ్లతో జాగ్రత్త

తిరుపతి, చిత్తూరు ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టు రివ్యూలు దగ్గర పడుతున్నాయి. కంపెనీ సోర్స్ కోడ్ ఇవ్వకుండా ముందే కంపైల్ చేసి ఇచ్చిన డ్రైవర్‌ను (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రామ్‌ను) లినక్స్ కెర్నల్‌తో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంతో, కలిపేవాళ్లు ఇవి చూసుకోండి.

- ముందు ఆ డ్రైవర్ ఫైలు కాపీ ఒకటి వేరేచోట దాచండి. పాత బిల్డ్ ఫైళ్లను తుడిచే ‘మేక్ క్లీన్’ కమాండ్ కొడితే ‘డాట్ ఓ’ (కంపైల్ అయిన) ఫైళ్లన్నీ పోతాయి. మీరు కంపైల్ చేసిందా, కంపెనీ ఇచ్చిందా అని అది చూడదు. సోర్స్ లేదు కాబట్టి మళ్లీ తయారు చేసుకోలేరు.

- ఫైలు పేరు చివర ‘డాట్ ఓ’ తర్వాత ‘అండర్‌స్కోర్ షిప్డ్’ చేర్చండి. బిల్డ్ అప్పుడు దాని నుంచే డాట్ ఓ కాపీ తయారవుతుంది, అసలుది క్లీన్‌లో పోదు. బిల్డ్ సూచనలుండే మేక్‌ఫైల్‌లో మాత్రం మామూలు డాట్ ఓ పేరే రాయాలి. తడబడేది ఇక్కడే.

- కోడ్ దాచుకునే గిట్‌లో ఆ ఫైలు చేరిందో లేదో చూడండి. కెర్నల్‌తో వచ్చే గిట్‌ఇగ్నోర్ (గిట్ ఏ ఫైళ్లను పట్టించుకోకూడదో చెప్పే జాబితా) వల్ల డాట్ ఓ ఫైళ్లు గిట్‌లో చేరవు. చిత్తూరులో పుష్ చేసి, బస్సెక్కి తిరుపతి ల్యాబ్‌కు వెళ్లి క్లోన్ చేశాక ఫైలు లేదని తెలిస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

- ఫైలు ఏ ప్రాసెసర్ కోసం తయారైందో ‘ఫైల్’ కమాండ్‌తో చూసి, మీ బోర్డు ప్రాసెసర్‌తో సరిపోల్చండి. ఎక్స్86 ఫైలు ఆర్మ్ బోర్డు కెర్నల్‌లో లింక్ కాదు.

- ఇచ్చింది ‘డాట్ కేఓ’ (కెర్నల్‌లో నేరుగా లోడ్ చేసే మాడ్యూల్) అయితే ‘మోడ్‌ఇన్ఫో’ కమాండ్‌తో వెర్‌మ్యాజిక్, అంటే అది ఏ కెర్నల్ కోసం తయారైందో చెప్పే లైన్, చూడండి. మీ కెర్నల్‌తో కలవకపోతే లోడ్ కాదు. దయచేసి బలవంతంగా లోడ్ (ఫోర్స్) చేయకండి. కెర్నల్ లోపలి డేటా స్ట్రక్చర్లు మారి ఉంటే సిస్టమ్ కుప్పకూలుతుంది, డిస్కులో డేటా కూడా పాడవచ్చు.

- డ్రైవర్ జీపీఎల్ (ఓపెన్ సోర్స్ లైసెన్స్) కింద లేకపోతే మాడ్యూల్ లైసెన్స్ లైన్‌లో జీపీఎల్ అని రాయకండి. అది అబద్ధం.

- బూట్ అప్పుడు కెర్నల్ ఎంచుకునే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఉంచండి. కొత్తది బూట్ కాకపోతే దాంట్లోకి వెళ్లొచ్చు.