చైన్ రంపం పొగలు కక్కుతోందా? ముందు నూనె చూడండి

కొబ్బరి తోటలో గానోడెర్మా తెగులు పట్టిన చెట్టు తీసేయాలన్నా, గాలివానకి రోడ్డుకి అడ్డం పడ్డ నిద్రగన్నేరు కొమ్మ తప్పించాలన్నా, అంతర్వేది వైపు సముద్రపు ఒడ్డున సరుగుడు తోట కొట్టాలన్నా ఇప్పుడు మన డెల్టాలో గొడ్డలి పట్టేవాళ్ళు తక్కువే, పనంతా చైన్ రంపం మీదే. కొనేటప్పుడు ఎన్ని సీసీ, ఎన్ని అంగుళాల బార్ (చైన్ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ) అని గంటసేపు బేరం ఆడతాం. చైన్ ఆయిల్ సంగతి వచ్చేసరికి "ఏదైనా నూనే కదండీ, జారితే చాలు" అనేస్తాం. నన్నడిగితే, "మిషన్ పాడైంది" అని మెకానిక్ దగ్గరికి మోసుకొచ్చే గొడవల్లో చాలావాటికి మూలం ఆ నూనె ట్యాంకులోనే ఉంటుంది. అందుకే ముందు నూనె గొడవలు, తర్వాత మిగతావి.

ఏది విప్పాలన్నా ఇంజిన్ ఆపేసి, స్పార్క్ ప్లగ్ మీది క్యాప్ లాగేసి, గ్లౌజులు వేసుకుని ముట్టుకోండి. ఇంజిన్ ఆగి ఉన్నా సరే, చైన్ చేత్తో తిప్పితే వేలు తెగుతుంది.

బార్ కాలిపోతోంది, పొగ వస్తోంది, చైన్ నీలం రంగుకి తిరుగుతోంది

చైన్‌కి నూనె అందడం లేదన్నమాట. ఫుల్ రేజ్‌లో చైన్ సెకనుకి ఇరవై మీటర్ల వేగంతో ఇనుప గాడిలో రాసుకుంటూ పరిగెడుతుంది, మధ్యలో నూనె పొర లేకపోతే ఆ వేడికి ఉక్కు రంగు మారిపోతుంది, ఆనక ఆ పళ్ళకి ఎంత సాన పట్టినా పదును నిలవదు.

అందుతోందో లేదో తేల్చుకోవడం సులువు. పాత న్యూస్ పేపరు నేల మీద పరిచి, బార్ ముక్కుని దానికి జానెడు ఎత్తులో పట్టుకుని, సగం రేజ్‌లో కాసేపు ఉంచండి. కాగితం మీద సన్నటి నూనె చారలు పడితే బాగున్నట్టు. పొడిగా ఉంటే ఇంక కోయకండి. ఇంకో గుర్తు: పెట్రోల్ ట్యాంకు ఖాళీ అయ్యేసరికి నూనె ట్యాంకు కూడా దాదాపు అడుగుకి రావాలి, కంపెనీలు అలా లెక్క చూసే చేస్తాయి. పెట్రోల్ అయిపోయాక నూనె సగానికి పైగా మిగిలిందంటే ఎక్కడో అడ్డం పడింది.

ఆ అడ్డం మన దగ్గర ఎక్కువగా కొబ్బరి పీచే. సరుగుడు, వేప కోస్తే పొట్టు పొడిపొడిగా రాలిపోతుంది. కొబ్బరి మాను అలా కాదు, పచ్చి మొదలు కోసినప్పుడు తడిసిన పీచు దారాలు దారాలుగా లేచి, పక్క కవర్ లోపల స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ళ చక్రం) చుట్టూ చుట్టుకుని, నూనెతో కలిసి నల్లటి ముద్దలా గట్టిపడుతుంది. కవర్ నట్లు విప్పి చూడండి, ముద్ద వేలితో తీస్తే ఊడి రాదు, స్క్రూడ్రైవర్‌తో గీకాల్సి వస్తుంది. బార్ వెనక చివర, బోల్టులు ఎక్కే పొడవాటి గాడి పక్కన చిన్న బెజ్జం ఉంటుంది, నూనె బార్‌లోకి వెళ్ళే దారి అదే. దాంట్లో సన్నటి తీగ పెట్టి పొడవండి. తర్వాత విరిగిన హాక్సా బ్లేడు ముక్కతో బార్ గాడి పొడవునా గీకండి. కొబ్బరి కోసే రోజు ఈ పని సాయంత్రం ఒక్కసారి చేస్తే చాలదు, ట్యాంకు నింపినప్పుడల్లా చెయ్యాలి.

బార్ శుభ్రంగా ఉన్నా నూనె రాకపోతే, బార్, చైన్ రెండూ విప్పేసి, చేతులు దూరంగా పెట్టి, స్టార్ట్ చేసి కాస్త రేజ్ ఇవ్వండి. నూనె వచ్చే మూతి దగ్గర చుక్కలు కనపడితే పంపు బాగానే ఉంది. కనపడకపోతే ట్యాంకులో పైపు చివరన ఉండే చిన్న ఫిల్టర్‌ని తీగ కొక్కెంతో బయటికి లాగి చూడండి, జిగటగా మూసుకుపోయి ఉంటే మార్చేయడమే మంచిది. ట్యాంకులో కొంచెం డీజిల్ పోసి ఊపి, పూర్తిగా ఒంపేయండి. అప్పటికీ రాకపోతే పంపుని తిప్పే గేరు అరిగి ఉంటుంది. చవక మిషన్లలో అది ప్లాస్టిక్‌ది, విడిగా దొరుకుతుంది, పంపు మొత్తం మార్చక్కర్లేదు.

అయితే ఏ నూనె పోయాలి

ఇంజిన్ ఆయిల్‌కీ చైన్ ఆయిల్‌కీ అసలు తేడా జిగట. చైన్ బార్ ముక్కు దగ్గర మలుపు తిరిగేటప్పుడు దాని మీదున్న నూనె విసిరేసినట్టు చిమ్మిపోతుంది. అలా పోకుండా పట్టుకుని ఉండటానికే చైన్ ఆయిల్‌లో అతుక్కునే గుణం ఇచ్చే మందు కలుపుతారు. కొనేముందు రెండు వేళ్ళ మధ్య చుక్క వేసి విడదీసి చూడండి, బెల్లం పాకంలా తీగ సాగాలి. నీళ్ళలా విడిపోతే డబ్బా మీద ఎంత పెద్ద బొమ్మ ఉన్నా వదిలేయండి. రంగు చూసి మోసపోకండి, ఎర్రగా ఉన్నా పచ్చగా ఉన్నా దానికీ పనితనానికీ సంబంధం లేదు. చిక్కదనం చూడాలంటే డబ్బా మీద ఐఎస్ఓ వీజీ 100 అనో 150 అనో ఉంటుంది. రోహిణి కార్తె ఎండల్లో నూనె పల్చబడుతుంది కాబట్టి 150 నయం, ముసురు పట్టిన రోజుల్లో, చలికాలం పొద్దున్నే పని ఉంటే 100 చాలు.

ఊళ్ళో చైన్ ఆయిల్ దొరకలేదు, చెట్టేమో కరెంటు తీగల మీదకి వాలి ఉంది, లైన్‌మన్ వచ్చి కరెంటు ఆపాడు, ఆగే టైం లేదు అనుకోండి. అప్పుడు కొత్త ఇంజిన్ ఆయిల్ ఎస్‌ఏఈ 30 లేదా 40 పోయొచ్చు. చిక్కదనం సుమారుగా సరిపోతుంది, జిగట మాత్రం ఉండదు, అందుకని ఎక్కువ ఖర్చవుతుంది, ఆ రోజుకి మధ్యమధ్యలో ఆపి చూసుకుంటూ ఉండాలి. గేర్ ఆయిల్ 90 పోసేవాళ్ళున్నారు. అది చిక్కన, చిన్న పంపులు లాగడానికి కష్టపడతాయి.

ఇక పాత ఇంజిన్ ఆయిల్. ట్రాక్టర్ సర్వీసులో దింపిన నల్ల నూనె ఊరికే వస్తుంది కదా అని క్యాన్లకి క్యాన్లు తెచ్చి, కొంచెం డీజిల్ కలిపి పోస్తారు. దాంట్లో ఇంజిన్‌లో అరిగిన ఇనుప రజను ఉంటుంది, మసి ఉంటుంది, ఆమ్లాలు ఉంటాయి. పంపునీ ఫిల్టర్‌నీ మొదట చంపేది అదే. పైగా చైన్ ఆయిల్ మోటార్ సైకిల్ ఇంజిన్‌లో నూనెలా లోపలే తిరుగుతూ ఉండదు. పోసిందంతా చెక్క మీదా, పొట్టులోనూ, నేల మీదా, మీ ప్యాంటు మీదా పడిపోవాల్సిందే, తిరిగి ట్యాంకులోకి వచ్చేదేమీ లేదు. మన కొబ్బరి చెట్లేమో పంట కాలవ గట్ల మీదా, రొయ్యల చెరువుల గట్ల మీదా ఉంటాయి. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో కేన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటాయి, అది తుంపరలై కోసేవాడి మొహం మీదా పడుతుంది. ఊరికే వచ్చిందని వాడితే బార్, పంపు, చైన్ రూపంలో కట్టాల్సిందే.

కోనసీమలో ఉంటూ కొబ్బరినూనె ఎందుకు పోయకూడదు అనే ప్రశ్న కూడా వస్తుంటుంది. ప్రశ్న తప్పేమీ కాదు, ఐరోపా అడవుల్లో ఆవాల జాతి గింజల నూనెతో చేసిన చైన్ ఆయిల్ వాడతారు, మట్టిలో తొందరగా కలిసిపోతుందని. కానీ కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డ కట్టేస్తుంది, ధనుర్మాసం తెల్లవారుజామున సీసాలో చూస్తాం కదా, ట్యాంకులోనూ అంతే. ఇంట్లో వాడే పామాయిల్, సన్‌ఫ్లవర్ నూనెల్లో జిగట మందు ఉండదు, నెలల తరబడి మిషన్‌లో ఉండిపోతే ఆరి బంకలా పంపులో అతుక్కుపోతాయి.

రాత్రి పెట్టిన చోట పొద్దున్నకి నూనె మరక

కొంచెం కారడం మామూలే, బార్‌లో మిగిలింది కిందకి దిగుతుంది. మడుగు కట్టిందంటే మూత రింగు ఎండిపోయి ఉంటుంది, లేకపోతే పైపు చిట్లి ఉంటుంది. రింగు మార్చి చూడండి, ఆగకపోతే పైపు.

ముక్కలు రావట్లేదు, పిండిలా పొట్టు వస్తోంది, నొక్కితేగానీ దిగట్లేదు

పదును పోయింది. పదునైన చైన్ చెక్కని చిన్న చిన్న పెచ్చులుగా తీస్తుంది, తన బరువుకే దిగుతుంది. నొక్కి కోయడం మొదలుపెట్టారంటే ఇంజిన్, క్లచ్, బార్, మీ నడుము అన్నిటికీ భారమే. కొబ్బరి మొదట్లో బయటి పొర ఎంత గట్టిదో కోసినవాళ్ళకి తెలుసు, మధ్యలో మెత్తగా ఉండి చుట్టూ ఉక్కులా ఉంటుంది, పదును త్వరగా తినేస్తుంది. లంక గ్రామాల్లో ఇంకోటి ఉంది, వరద వచ్చి పోయాక గోదారి ఒండ్రు, ఇసుక మాను చుట్టూ బెరడులో ఎండిపోయి ఉంటాయి. ఆ చోట కత్తితో బెరడు చెక్కి, తడి గోనెసంచితో తుడిచి, అప్పుడు రంపం పెట్టండి. ఇళ్ళ పక్కన చెట్లయితే బట్టల తీగ కోసం ఎప్పుడో కొట్టిన మేకులుంటాయి, ముందు చేత్తో తడిమి చూడండి.

సాన పట్టడానికి గుండ్రటి ఆకురాయి కావాలి, సైజు చైన్‌ని బట్టి ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా అమ్మే 58 సీసీ చైనా మిషన్లకి వచ్చే .325 పిచ్ (లింకుల మధ్య దూరం, అంగుళాల్లో) చైన్‌కి 4.8 మిల్లీమీటర్లది సరిపోతుంది. చిన్న మిషన్లకి వచ్చే 3/8 “లో-ప్రొఫైల్” (ఎత్తు తక్కువ) చైన్‌కి 4 మిల్లీమీటర్లది. పంటి మీద కంపెనీ వేసిన గీత ఉంటుంది, మామూలుగా 30 డిగ్రీల వాలు, ఆ వాలులోనే లోపలి నుంచి బయటికి తోయాలి, వెనక్కి లాగేటప్పుడు రాయకూడదు. ప్రతి పంటికీ ఒకే లెక్క, మూడంటే మూడు. పంటి ముందు చిన్న బొడిపె ఉంటుంది, అది పంటి కన్నా 0.65 మిల్లీమీటర్లు కిందకి ఉండాలి. నాలుగైదు సార్లు సాన పట్టాక దాన్ని చదును ఆకురాయితో గేజి పెట్టి తగ్గించాలి. "పోనీ ఎక్కువ తగ్గిస్తే ఎక్కువ కోస్తుంది కదా" అని అతి చేస్తే రంపం ఒక్కసారిగా పట్టేసి మీ మీదకి ఎగురుతుంది.

కోత వంకరగా పోతోంది

ఒక వైపు పళ్ళు పొట్టివి, ఒక వైపు పొడుగువి. కుడిచేతి వాటం వాళ్ళకి ఒక వైపు బలంగా, ఒక వైపు బలహీనంగా ఆకురాయి పడుతుంది, అంతే సంగతి. అన్నిటికన్నా పొట్టి పన్ను చూసి, మిగతావి దానికి సమానం చేయండి. పళ్ళు సమానంగా ఉన్నా వంకర పోతుంటే బార్ అంచులు ఒక పక్క అరిగాయి. బార్‌ని చదునైన చోట నిలబెట్టి చూస్తే పక్కకి వాలుతుంది. అంచుల మీద లేచిన బిరుసుని చదును ఆకురాయితో తీసేయండి, సాన పట్టినప్పుడల్లా బార్ తలకిందులు చేసి బిగించడం అలవాటు చేసుకుంటే ఈ గొడవ చాలా ఆలస్యంగా వస్తుంది.

చైన్ మాటిమాటికీ వదులై ఊడిపోతోంది

కొత్త చైన్ మొదటి రోజు సాగుతుంది, కంగారు పడకండి. నట్లు కొంచెం వదులు చేసి, బార్ ముక్కుని పైకి ఎత్తి పట్టుకుని, టెన్షన్ స్క్రూ తిప్పి, ముక్కు అలా ఎత్తి ఉండగానే నట్లు బిగించండి. ముక్కు ఎత్తకుండా బిగిస్తే పని మొదలెట్టగానే మళ్ళీ వదులవుతుంది. చైన్ కింద అంచుకి అంటుకుని ఉండాలి, గ్లౌజు వేసుకున్న చేత్తో లాగితే సులువుగా తిరగాలి. వేడి మీద వదులైందని బిగించి, అలాగే ఇంటికి తీసుకెళ్ళిపోకండి, చల్లారితే చైన్ ముడుచుకుని బార్‌నీ క్రాంక్ బేరింగ్‌నీ లాగేస్తుంది. పని అయ్యాక ఒక మెలిక వదులు చేయాలి.

ఐడిల్‌లోనే, రేజ్ ఇవ్వకుండానే చైన్ తిరుగుతోంది

ఐడిల్ స్క్రూ తగ్గించండి. తగ్గించినా తిరిగితే క్లచ్ స్ప్రింగ్ తెగింది. అది మార్చేదాకా ఆ మిషన్ ముట్టుకోవద్దు, చెట్టెక్కి కోసేవాళ్ళు అసలే వద్దు.

పోయిన తుపానుకి బాగా పనిచేసింది, ఇప్పుడు స్టార్టే కావట్లేదు

అక్టోబరు, నవంబరు వచ్చి వాయుగుండం వార్త వినగానే కొట్టుగదిలోంచి మిషన్ తీస్తారు, తాడు లాగి లాగి భుజం పడిపోతుంది. కారణం పాత పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది, ఇథనాల్ గాలిలో తేమని లాగుతుంది, మన సముద్రపు గాలిలో తేమకి కొదవేముంది. నెల దాటిన పెట్రోల్ ఒంపేసి కొత్తది కలపండి. కంపెనీ చెప్పిన మంచి టూటీ ఆయిల్‌తో (పెట్రోల్‌లో కలిపే టూ-స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) 50:1 అయితే లీటరుకి 20 మిల్లీలీటర్లు, చైనా మిషన్ల పుస్తకంలో 25:1 ఉంటే 40 మిల్లీలీటర్లు. మీ మిషన్ పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే, సీసా మూతతో అంచనాగా పోయకండి. ఆయిల్ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది.

తర్వాత ప్లగ్ విప్పండి. తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, తుడిచి, ప్లగ్ లేకుండా తాడు పదిసార్లు లాగి, బిగించి, చోక్ తీసేసి లాగండి. పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు, ట్యాంకులో ఫిల్టర్, పగిలిన రబ్బరు పైపు, గట్టిపడిన ప్రైమర్ బుడగ (వేలితో నొక్కి పెట్రోల్ ఎక్కించేది) చూడండి. ప్లగ్ గ్యాప్ అర మిల్లీమీటరు. ఎయిర్ ఫిల్టర్ పొట్టుతో మూసుకుపోతే సబ్బునీళ్ళతో కడిగి, బాగా ఆరాకే పెట్టాలి. ఇవన్నీ చూసినా రాకపోతే కార్బొరేటర్ లోపలి పొర గట్టిపడి ఉంటుంది, అది కిట్ మార్చేవాళ్ళకి వదిలేయండి, ఫుల్ రేజ్‌లో పెట్రోల్ ఎంత వెళ్ళాలో సరిచేసే హెచ్ స్క్రూని మాత్రం మీ ఇష్టం వచ్చినట్టు తిప్పకండి. ఈసారి సీజన్ అయ్యాక పెట్రోల్ ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడిపి, చైన్ విప్పి చైన్ ఆయిల్‌లో ముంచి కవర్‌లో చుట్టి పెడితే ఉప్పుగాలికి తుప్పు కూడా పట్టదు.