తిరుపతి నుంచి సముద్రానికి: మహమ్మారి రోజుల్లో ఒక్కపూట ప్రయాణం

నెలల తరబడి ఇంట్లోనే ఉన్నవాళ్లు సముద్రం దగ్గరికి పోవాలంటే ముందు జనం గుర్తొచ్చి జంకుతారు. నిజానికి ఒడ్డు మీద భయం తక్కువ. కోవిడ్ వైరస్ మూసిన గదుల్లో పేరుకుంటుంది, బయలుగాలికి చెదిరిపోతుంది. జాగ్రత్తంతా దారిలో కావాలి: కారులో, టిఫిన్ హోటల్లో, బంకు బాత్‌రూములో.

మనకి అందుబాటులో ఉన్న తీరం తూపిలిపాళెం. ఊరు వాకాడు మండలంలోది. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు ఈ మండలం తిరుపతి జిల్లాలో కలిసింది. రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వాకాడు చేరి, అక్కణ్ణుంచి తూర్పుకి తిరగాలి. వంద కిలోమీటర్లు దాటుతుంది, రెండున్నర గంటలు పెట్టుకోండి. మైపాడు నెల్లూరు అవతల ఉంది. దూరమూ ఎక్కువే, జనమూ ఎక్కువే.

మంగళ, బుధవారాలు మంచివి. అమావాస్య, పౌర్ణములకి పోటు ఎక్కువ. కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి నాడైతే సముద్రస్నానానికి ఊళ్లకి ఊళ్లే కదిలొస్తాయి, ఆ రోజులు వదిలేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. జనవరి, ఫిబ్రవరి హాయిగా ఉంటాయి. కర్ఫ్యూ ఉంటే ముందురోజే వేళలు తెలుసుకోండి. 2021 మే నెలలో మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు పొద్దున 6 దాకా కర్ఫ్యూ పెట్టారు. అలాంటప్పుడు ఈ ప్రయాణం కుదరదు, మానుకోవాలి.

జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఒక్కరికున్నా వాయిదా వేయండి. కోవిడ్ వచ్చి తగ్గిన అవ్వాతాతల్ని తీసుకుపోయేముందు ఇంట్లోనే ఆరు నిమిషాలు నడిపించి చూడండి. నడకకి ముందూ తర్వాతా వేలికి ఆక్సీమీటరు పెట్టాలి. ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గినా, నడక తర్వాత 3 పాయింట్లు పడిపోయినా ఇసుకలో నడిపించకూడదు, డాక్టరుకి చూపించాలి. గోళ్లరంగు ఉన్నా, వేళ్లు చల్లగా ఉన్నా అంకె తప్పు చూపిస్తుంది. రంగు తుడిచి, అరచేతులు రుద్దుకుని, అంకె కుదురుకునేదాకా ఆగండి.

ఒక కారులో ఒకే ఇంటివాళ్లు ఎక్కాలి. రెండిళ్లవాళ్లయితే రెండు కార్లు. తప్పక బయటివాళ్లొకరిని ఎక్కించుకుంటే డ్రైవరుకి ఐమూలగా వెనక కూర్చోబెట్టి, అందరూ మాస్కు పెట్టుకోండి. ఏసీ వేస్తే లోపలి గాలినే తిప్పే బటన్ ఆపేయాలి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు. చల్లగా ఉందని అద్దాలన్నీ బిగించి రెండున్నర గంటలు కూర్చుంటే, ఒకరి ఊపిరే అందరూ పీలుస్తారు. ముందొక అద్దం, దానికి ఐమూలగా వెనకొక అద్దం నాలుగు వేళ్లంత దించితే గాలి అడ్డంగా ఆడుతుంది.

సద్ది ఇంట్లోదే కట్టుకోండి, హోటల్లో ఆగే పని ఉండదు. చింతపండు పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది. పెరుగన్నం పులవకుండా ఉండాలంటే గ్లాసు బియ్యానికి నాలుగు గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా వండి, మెదిపి, గోరువెచ్చని పాలు రెండు గ్లాసులు, పెరుగు ఒక్క చెంచా మాత్రం కలపాలి. తెల్లవారి నాలుగింటికి కలిపితే తొమ్మిది, పదింటికి తోడుకుని తీయగా ఉంటుంది. పచ్చి టెంకాయ చట్నీ ఎండకి పాడవుతుంది, ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి) తీసుకోండి. పిల్లకాయలకి ఉడకేసిన చెనిక్కాయలు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, చేతులు కడుక్కోవడానికి వేరే ఒక క్యాను, సబ్బు. ఎండకి ఎవరైనా నీరసపడితే లీటరు నీళ్లకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించండి.

నాలుగింటికి బయల్దేరితే ఆరున్నరకి చేరతారు. జనవరిలో సూర్యుడు అప్పుడే పైకొస్తుంటాడు. కారు గట్టి నేల మీదే ఆపండి. ఇసుకలో చక్రం దిగబడితే ఆక్సిలేటరు తొక్కకూడదు, తొక్కేకొద్దీ లోతుకి పోతుంది. చక్రం ముందు ఇసుక చేతులతో తోడి, కారులో కాళ్లకింద ఉండే పట్టాలు దాని ముందు పరిచి, మెల్లగా కదిలించాలి.

నీళ్ల దగ్గర తొందరపడకండి. పావుగంట ఊరికే నిలబడి అలలు చూడండి. రెండు చోట్ల అలలు తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒక పాయ ముదురురంగులో, నిమ్మళంగా కనిపిస్తుంది. స్నానానికి బాగుందనిపించే ఆ చోటే ప్రమాదం, ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ దానిగుండానే లోపలికి పోతుంటాయి. చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకి ఈది పాయ దాటాక బయటికి రండి. ఈత రానివాళ్లు మోకాలు దాటకూడదు. అక్కడి జాలర్లు వద్దంటే అదే ఆఖరు మాట.

మాస్కు అలకి తడిస్తే పనిచేయదు. మనిషికి రెండు అదనంగా పొడి కవర్లో పెట్టుకోండి. పక్కనోళ్లకి ఆరడుగుల దూరంలో దుప్పటి పరుచుకుంటే ఒడ్డున మాస్కు తీయొచ్చు.

తర్వాత చేయాల్సింది తక్కువే. ఫోన్లు కారులో వదిలేసి, తడి ఇసుక మీద ఉత్తకాళ్లతో అరగంట నడవండి. పొడి ఇసుకలో కాలు కూరుకుపోయి పిక్కలు పడతాయి, అల తాకి వెనక్కి పోయిన చోట అడుగు గట్టిగా నిలుస్తుంది. తర్వాత సరుగుడు నీడలో కూర్చోండి. వెంట వచ్చినవాళ్లతో మాటలు కలపాలని చూడకండి, గంట గడిస్తే వాళ్లే మాట్లాడతారు. పదింటికల్లా ఎండ ముదురుతుంది, తిని బయల్దేరండి.

కారెక్కేముందు కాళ్లు తుడిచి కాస్త పౌడరు చల్లి దులిపితే అంటుకున్న ఇసుకంతా రాలిపోతుంది. ఇంటికి రాగానే తలస్నానం, బట్టలు రెండుసార్లు మంచినీళ్లలో జాడించడం. మర్నాడు కారు అడుగుభాగం నీళ్లతో కడిగించండి, ఉప్పు ఉండిపోతే ఇనుము తుప్పు పడుతుంది.