డయాలిసిస్‌లో ఉన్నవారికి రక్తం తగ్గితే ఇంట్లోవాళ్లు ఏం చూసుకోవాలి

హిమోగ్లోబిన్ 8కి పడిందని తెలియగానే చుట్టాలు దానిమ్మకాయలు, ఖర్జూరాలు, బీట్‌రూట్లు పట్టుకుని వస్తారు. ప్రేమతోనే తెస్తారు. కానీ వాటిలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు పనిచేయని మనిషికి అది గుండె లయనే తప్పించగలదు. పైగా ఇక్కడ రక్తం తగ్గడానికి అసలు కారణం తిండి కాదు. ఎర్రకణాలు తయారుచేయమని ఎముక మజ్జకు కబురు పంపే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను చాలావరకు మూత్రపిండాల్లోనే పుడుతుంది. అవి చెడిపోతే కబురు అందదు. అందుకే ఆ హార్మోనునే ఇంజెక్షన్‌గా ఇస్తారు.

మావారికి సూర్యారావుపేటలో వారానికి మూడుసార్లు డయాలిసిస్. మందుల లెక్కంతా నేనే చూస్తాను. కొత్తగా ఈ కష్టంలోకి వచ్చిన విజయవాడ, గుంటూరు కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. మోతాదు నిర్ణయించేది డాక్టరే. ఇచ్చిన మందు వృథా కాకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

ముందుగా ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, హిమోగ్లోబిన్, బీపీ, ఏ ఇంజెక్షన్ ఎన్ని యూనిట్లు, ఐరన్ ఎప్పుడు ఎక్కించారు, అన్నీ రాయండి. పరీక్షకు రక్తాన్ని, మనిషిని డయాలిసిస్ మిషన్ మీద పెట్టకముందే తీయమనండి. ఒంట్లో నీరు తీసేశాక రక్తం చిక్కబడి అంకె ఎక్కువగా కనిపిస్తుంది.

ఇనుము చాలకపోతే ఎంత ఖరీదైన ఇంజెక్షనూ పనిచేయదు. కబురు అందినా సరుకు లేదన్నమాట. అందుకని సుమారు మూడు నెలలకోసారి ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే పరీక్ష), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో వాడకానికి ఎంత ఇనుము అందుతోందో చెప్పే పరీక్ష) రెండూ చేయించండి. ఒక్క ఫెరిటిన్ చూసి ఇనుము బాగానే ఉందనుకోవద్దు, ఇన్ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది. శాచురేషన్ 20 శాతం కంటే తక్కువైతే మజ్జకు ఇనుము చాలడం లేదని అనుకోవాలి. డయాలిసిస్ జరుగుతుండగానే ఐరన్ సుక్రోజ్ అనే ఇనుము మందు ఎక్కిస్తారు. ఆ రోజు జ్వరం, చలి ఉన్నా, కాథెటర్ (డయాలిసిస్ కోసం రక్తనాళంలో పెట్టిన గొట్టం) దగ్గర చీము కనిపించినా సిస్టర్‌కు ముందే చెప్పండి.

ఇప్పుడు ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ గురించి. మన ఎండల్లో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో మందుల షాపు నుంచి కవర్లో వేసుకుని, ఆటోలో ట్రాఫిక్ దాటుకుని వెళ్లేసరికి ఏమవుతుందో ఆలోచించండి. షాపువాళ్లు మీ కళ్లముందే ఫ్రిజ్‌లోంచి తీసివ్వాలి. తీసిచ్చినప్పుడు గడువు తేదీ చూడండి. వెడల్పు మూతి ఫ్లాస్కులో అడుగున ఐసు, మధ్యలో మందంగా మడిచిన గుడ్డ, దాని మీద ఇంజెక్షన్ పెట్టండి. ఐసు నేరుగా తగలకూడదు. గడ్డకట్టిన ఇంజెక్షన్ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే. గట్టిగా ఊపకూడదు. ఇంట్లో అయితే ఫ్రిజ్ తలుపులో కాకుండా మధ్య అరలో ఉంచండి. కరెంటు ఎక్కువసేపు పోతే డాక్టరును అడిగాకే వాడండి.

ఇంజెక్షన్ వేసిన మర్నాడే ఓపిక రాదు, రెండు నుంచి ఆరు వారాలు ఆగాలి. బీపీ పెరగవచ్చు, కాబట్టి రోజూ చూసి రాయండి. హిమోగ్లోబిన్‌ను సాధారణంగా 10 నుంచి 11.5 మధ్య ఉంచాలని చూస్తారు. ఆరోగ్యవంతుల్లా 13 దాటించాలని పట్టుబట్టకండి. అలా పెంచినవారిలో పక్షవాతం, రక్తం గడ్డలు కట్టే ప్రమాదం పెరుగుతుందని పెద్ద పరిశోధనల్లోనే తేలింది. చల్లగా ఉంచడం కుదరని వారికి డెసిడుస్టాట్ అనే మాత్ర కూడా మన దేశంలో 2022 నుంచి ఉంది. అది ఎవరికి సరిపోతుందో డాక్టరే చెప్పాలి.

మందు సరిగ్గా వేస్తున్నా అంకె కదలకపోతే రక్తం ఎక్కడ పోతోందో వెతకండి. డయాలిసిస్ అయ్యాక డయలైజర్ (రక్తాన్ని వడకట్టే ఫిల్టరు), గొట్టాలు ఎర్రగా మిగిలిపోతున్నాయా? సూదులు తీశాక ఫిస్టులా (డయాలిసిస్ కోసం ఆపరేషన్‌తో చేతిలో కలిపిన రక్తనాళం) దగ్గర చాలాసేపు రక్తం కారుతోందా? మొలలున్నాయా? మలం నల్లగా ఉంటే తప్పక చెప్పండి. ఐరన్ మాత్రలకూ అలా అవుతుంది, తేడా తేల్చాల్సింది డాక్టరే. పండగ పనుల కోసం డయాలిసిస్‌ను అరగంట ముందే ఆపించుకునేవాళ్లున్నారు, దయచేసి అలా చేయకండి. డయాలిసిస్ చాలకపోయినా రక్తం పెరగదు. దాగి ఉన్న ఇన్ఫెక్షన్, పారాథైరాయిడ్ హార్మోను, బీ12 కూడా అడిగి చూపించుకోవాలి.

రక్తం ఎక్కించమని మనంతట మనం తొందరపెట్టకూడదు. ఎక్కించిన రక్తం వల్ల శరీరంలో పరాయి కణాలను ఎదిరించే యాంటీబాడీలు తయారైతే రేపు కిడ్నీ మార్పిడికి సరిపోయే దాత దొరకడం కష్టమవుతుంది. అవయవ మార్పిడి కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకున్నవారు ఈ మాట డాక్టరుకు గుర్తుచేయాలి. అయితే కూర్చున్నచోటే ఆయాసం, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, రక్తస్రావం ఉంటే తర్వాతి డయాలిసిస్ రోజు దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ రక్తం ఎక్కించాలంటే వెనకాడవద్దు. వీలుంటే డయాలిసిస్ జరుగుతుండగా ఎక్కించమని మాత్రం అడగండి, రక్తంతో పాటు వచ్చే అదనపు నీరు, పొటాషియం అప్పుడే బయటకు పోతాయి.