సంఘంలో పదవికి పేరు ఇచ్చే ముందు

ఇంజనీర్లు, ఆడిటర్లు, డాక్టర్లు ఏ వృత్తి సంఘమైనా కొత్త కార్యవర్గానికి పేర్లు అడిగినప్పుడు మన తిరుపతి, చిత్తూరు వైపు వయసులో చిన్నవాళ్లు వెనక్కి తగ్గుతుంటారు. తగ్గకండి. అయితే మొదటిసారే అధ్యక్ష పదవి వద్దు, కోశాధికారిగానో సంయుక్త కార్యదర్శిగానో ముందుకు రండి. సంఘం ఎలా నడుస్తుందో అక్కడే అర్థమవుతుంది.

ముందు ఇప్పటి కార్యదర్శి గారిని కలిసి మినిట్స్ పుస్తకం (సమావేశాల్లో ఏం నిర్ణయించారో రాసే పుస్తకం), పోయిన ఏడాది ఆడిట్ రిపోర్టు, బ్యాంకు పాస్‌బుక్ చూపించమని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. సొసైటీగా రిజిస్టరైన సంఘమైతే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కార్యవర్గం జాబితాను ఏటా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. అది ఎక్కడైనా ఆగిపోయిందేమో చూసుకోండి. బ్యాంకులో సంతకాలు మార్చాలంటే తీర్మానం కాపీతో పాటు ఈ కాగితాలూ అడగొచ్చు. పాత కోశాధికారి బదిలీ మీద వేరే ఊరు వెళ్లిపోయాక ఆయన సంతకం కోసం తిరగడం మహా టెన్షన్. అందుకే కొత్త కార్యవర్గం ఎన్నికైన వారంలోనే పాత, కొత్త కోశాధికారులు ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లి ఆ పని ముగించేయండి.

ఇంకొకటి, సభ పెట్టే తేదీ. తిరుమల బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో తిరుపతిలో రూములు దొరకవు. కుప్పం నుంచి వచ్చే సభ్యులు రాత్రికి ఎక్కడ ఉంటారు? ఏడాదిలో ఒక్క సభైనా చిత్తూరులోనో పలమనేరులోనో పెట్టించండి.