కుక్క జాతుల నిషేధాన్ని ఎత్తివేయించడం ఎలా: తిరుపతి, చిత్తూరు వాళ్ళ కోసం

పిట్‌బుల్, రాట్‌వీలర్ అన్న పేరు వింటేనే జనం జంకే చోట "ఈ నిషేధం తీసెయ్యండి" అని అడగడం తేలిక కాదు. అడిగినవాళ్ళకి కుక్క మీద ఉన్న ప్రేమ కరిపించుకున్న పిల్లల మీద లేదని అనుకుంటారు. అందుకే మొదటి అర్జీ నుంచి చివరి వాదన దాకా మన మాట ఒక్కటే ఉండాలి. జాతి పేరు చూసి పెట్టిన నిషేధం కాట్లను ఆపదు, యజమానిని బాధ్యుణ్ణి చేసే నిబంధన ఆపుతుంది, కాబట్టి దాన్ని తీసి దీన్ని పెట్టండి. రెండో సగం లేకుండా మొదటి సగం మాత్రమే అడిగితే ఏ కార్పొరేటరూ మనవైపు నిలబడలేడు. రేపు వార్డులో ఒక కాటు పడితే ఆయనే జవాబు చెప్పుకోవాలి.

ముందు ఆ కాగితం ఏదో తేల్చండి

"నిషేధం ఉందంట" అన్న మాట మీద ఉద్యమం కట్టకండి. అది కేంద్రం సర్క్యులరా, రాష్ట్ర జీవోనా, కార్పొరేషన్ తీర్మానమా, కమిషనర్ ప్రకటనా, అపార్ట్‌మెంట్ సంఘం నోటీసా? ఒక్కోదాన్ని రద్దు చేసే అధికారం ఒక్కొక్కరిది. తప్పు ఆఫీసులో ఇచ్చిన అర్జీ మూడు నెలల తర్వాత "మా పరిధిలో లేదు" అన్న ఎండార్స్‌మెంట్‌తో తిరిగొస్తుంది.

కేంద్రం నిషేధం ఇంకా నడుస్తోందని నమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. జరిగింది ఇది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులకు లేఖ రాసింది. 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపమని, అప్పటికే ఇళ్ళలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని అందులో ఉంది. కర్ణాటక హైకోర్టు 2024 ఏప్రిల్ 10న దాన్ని కొట్టేసింది. సంబంధం ఉన్నవాళ్ళ మాట వినలేదని, చట్టంలో లేని అధికారాన్ని సర్క్యులర్‌తో తెచ్చుకోలేరని ప్రధానంగా చెప్పింది. అయితే కేంద్రానికి తలుపు మూయలేదు. పద్ధతి ప్రకారం అందరినీ విని మళ్ళీ తేవచ్చంది. ఆ తీర్పు మన హైకోర్టును కట్టిపడేయదు గానీ, చేతిలో ఉంచుకోవాల్సిన మొదటి కాగితం అదే. పూర్తి ప్రతి కర్ణాటక హైకోర్టు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వార్తల కటింగులు జతచేయకండి, తీర్పునే జతచేయండి.

ఆ 23 జాతుల జాబితాను ఒకసారి దగ్గరగా చదవండి. "టోసా ఇను" అని ఒకచోట, "జపనీస్ టోసా" అని ఇంకోచోట ఉంటుంది. రెండూ ఒకే కుక్క. బోయర్‌బోల్ కూడా రెండు చోట్ల కనిపిస్తుంది. మరో వరుసలో "టెర్రియర్స్" అని మాత్రమే రాశారు. అరచేతిలో పట్టే యార్క్‌షైర్ కూడా టెర్రియరే. కార్పొరేషన్లు తీర్మానం రాసేటప్పుడు ఇలాంటి జాబితాలనే ఎత్తి పెట్టుకుంటాయి. మీ ఊరి జాబితాలోనూ ఇవే తప్పులు కనబడితే వాటిని గీత గీసి చూపించండి. ఏ నిపుణుడూ దాన్ని చదవలేదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

సమాచార హక్కు దరఖాస్తు

ఈ పనిలో సగం గెలుపు ఇక్కడే ఉంది. సమాచార హక్కు చట్టం, 2005 కింద కార్పొరేషన్ పౌర సమాచార అధికారికి తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి. రుసుము 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్ళు రుజువు ప్రతి జతచేస్తే అదీ అక్కర్లేదు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే, లేదా వచ్చింది సరిపోకపోతే, మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వెయ్యాలి.

ఎక్కువమంది పొరపాటు పడేది ప్రశ్న రాయడంలో. "నిషేధం ఎందుకు పెట్టారు?" అని అడిగితే "ఇది సమాచారం కిందికి రాదు" అని తిప్పి పంపుతారు. కారణాలు అడగొద్దు, కాగితాలు అడగండి. తీర్మానం నంబరు, తేదీ, దానికి పెట్టిన అజెండా నోటు, నోట్ ఫైలు ప్రతులు. జాబితా తయారీలో పశువైద్యుడు ఇచ్చిన రాతపూర్వక అభిప్రాయం ప్రతి. ప్రజాభిప్రాయం కోరుతూ ఇచ్చిన ప్రకటన ప్రతి. ఒక కుక్క ఫలానా జాతి అని ఎవరు, ఏ పద్ధతిలో తేల్చాలో చెప్పే ఉత్తర్వు ప్రతి. గత మూడేళ్ళలో ఇచ్చిన పెంపుడు కుక్కల లైసెన్సుల సంఖ్య, ఏడాదివారీగా. వీటిలో రెండు మూడింటికి "లేదు" అన్న జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. అదే మనకు కావాల్సింది. సంతకం, సీలుతో వచ్చిన "లేదు" కోర్టులో బలమైన సాక్ష్యం.

రెండో దరఖాస్తు ఆస్పత్రికి. తిరుపతిలో రుయా, చిత్తూరులో జిల్లా ప్రభుత్వాసుపత్రి. రేబీస్ టీకాకు వచ్చినవాళ్ళ సంఖ్య నెలవారీగా అడగండి. కరిచింది పెంపుడుదా వీధిదా, గాయం తీవ్రతను బట్టి ఒకటి, రెండు, మూడు కేటగిరీల్లో ఏదో విడివిడిగా అడగండి. పేర్లు, చిరునామాలు అడగొద్దు. వ్యక్తిగత సమాచారమని మొత్తం దరఖాస్తునే పక్కన పెట్టేస్తారు. కాటు రిజిస్టరులో కుక్క జాతి రాసే గడి మామూలుగా ఉండదు. జాతిని బట్టి కాట్ల లెక్కే లేని చోట జాతిని బట్టి నిషేధం ఏ ఆధారంతో పెట్టారని అడగవచ్చు.

వాదనకు బలం ఇచ్చేవి, బలహీనం చేసేవి

పెద్ద దవడ ఉన్న కుక్క కరిస్తే గాయం పెద్దదే. దీన్ని కాదనకండి. "మా కుక్క చీమకు కూడా హాని చెయ్యదు" అన్న వాక్యం అర్జీలో ఉంటే కొట్టేయండి. మన వాదన వేరు. ప్రమాదకరమైన కుక్కను పేరుతో గుర్తుపట్టలేం, దాని నడతతో, యజమాని నడతతో గుర్తుపట్టగలం.

ఇందుకు గట్టి ఆధారాలున్నాయి. అమెరికాలో 2000 నుంచి 2009 వరకు కుక్కకాటుతో జరిగిన 256 మరణాలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, కుక్క జాతి నమ్మకంగా తేలింది 17.6 శాతం కేసుల్లోనే. మళ్ళీ మళ్ళీ కనబడిన కారణాలు వేరే. ఆ సమయంలో అడ్డుకోగల మనిషి పక్కన లేకపోవడం 87.1 శాతం, ఆపరేషన్ చేయించని కుక్క 84.4 శాతం, ఇంటి మనుషులతో కలవనివ్వకుండా విడిగా ఉంచిన కుక్క 76.2 శాతం. మన దగ్గర పగలంతా గొలుసుతో కట్టేసి, రాత్రి మామిడి తోటలో వదిలే కాపలా కుక్కల్ని తలుచుకుంటే ఈ మూడో అంకె వెంటనే అర్థమవుతుంది. అది నాటు కుక్క కావచ్చు, రాజపాళయం కావచ్చు, రాట్‌వీలర్ కావచ్చు.

2022లో 18,000కు పైగా కుక్కల యజమానులను అడిగి, జన్యువులతో కలిపి చూసిన మరో అధ్యయనంలో, ఒక్కో కుక్క నడతలోని తేడాల్లో జాతితో వివరించగలిగింది దాదాపు 9 శాతమే.

ఇతర దేశాల ఉదాహరణలు రెండు మూడు చాలు. నెదర్లాండ్స్ 1993లో పిట్‌బుల్ నిషేధం పెట్టి, కాట్లు తగ్గలేదని 2008లో ఎత్తివేతకు నిర్ణయించింది. ఇటలీ జాతుల జాబితాను 2009లో వదిలేసి బాధ్యతను యజమాని మీద పెట్టింది. ఎదుటివాళ్ళు బ్రిటన్‌ను చూపిస్తారు, సిద్ధంగా ఉండండి. అక్కడ 1991 చట్టం నాలుగు రకాలను నిషేధించింది, ఇంగ్లండ్, వేల్స్‌లో 2024 ఫిబ్రవరి 1 నుంచి ఎక్స్‌ఎల్ బుల్లీని అనుమతి పత్రం లేకుండా ఉంచుకోవడం కూడా నేరమైంది. "ముప్పై ఏళ్ళు జాబితా నడిపాక కూడా కొత్త పేరు చేర్చాల్సి వచ్చింది" అన్నదే దానికి జవాబు. ఒకదాన్ని ఆపితే పెంచి అమ్మేవాళ్ళు ఇంకోదానికి మారతారు.

అమెరికాలోని మయామీ డేడ్ కౌంటీలో 2012లో ఎత్తివేతపై ఓటు పెడితే 63 శాతం నిషేధమే ఉండాలన్నారు. డెన్వర్‌లో 1989 నాటి నిషేధం 2020 నవంబరు ఓటుతో పోయింది, కానీ అక్కడ నిషేధం స్థానంలో పర్మిట్ పద్ధతి పెడతామని అడిగారు. మనం అనుసరించాల్సింది డెన్వర్ దారి.

ప్రత్యామ్నాయ ముసాయిదా

అర్జీ వెనుక రెండు పేజీల ముసాయిదా తెలుగులో, తీర్మానం రూపంలోనే జతచేయండి. అధికారి దాన్ని అలాగే ఫైల్లో పెట్టుకోగలగాలి. అన్ని జాతులకూ, నాటు కుక్కలకూ వర్తించాలి. మూడు నెలలు నిండిన ప్రతి పెంపుడు కుక్కకు రేబీస్ టీకా, లైసెన్సు, మైక్రోచిప్. బయట 1.5 మీటర్లు మించని తాడు, పట్టుకునేది పెద్దవాళ్ళే. ఎనిమిది వారాల లోపు పిల్లల్ని అమ్మకూడదని, పెంచి అమ్మేవాళ్ళు నమోదు చేసుకోవాలని 2017 కేంద్ర నిబంధనల్లో ఇప్పటికే ఉంది. దాన్ని అమలు చేయమని రాయండి.

ముఖ్యమైనది "ప్రమాదకరమైన కుక్క"గా ప్రకటించే పద్ధతి. కారణం లేకుండా కరిచినా, మీదపడి గాయపరిచినా ఫిర్యాదు అందిన పది రోజుల్లో పశువైద్యుడి విచారణ జరగాలి, యజమాని వాదన వినాలి, తర్వాత ఉత్తర్వు రావాలి. ఉత్తర్వు వస్తే బయటికి తెచ్చినప్పుడు మూతికి చిక్కం, గేటుకు తాళం, ఆపరేషన్, గాయపడినవాళ్ళ వైద్యం ఖర్చు యజమానిదే. రెండోసారి జరిగితే ఇంకా కఠినంగా. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం జంతువును అజాగ్రత్తగా ఉంచుకుంటే ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చని ముసాయిదాలో గుర్తుచేయండి. చట్టం ఉంది, వాడటం లేదు.

అంకెలు, పద్ధతులు సరిచూడటానికి తిరుపతిలో వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఆ ఆచార్యుల్ని "నిషేధానికి వ్యతిరేకంగా సంతకం పెట్టండి" అని అడిగితే వెనకాడతారు. "ఈ ముసాయిదాలో శాస్త్రీయంగా తప్పులుంటే రాసివ్వండి" అని అడిగితే రాస్తారు.

ఎక్కడ, ఎలా ఇవ్వాలి

తపాల్ సెక్షన్‌లో రెండు ప్రతులు ఇచ్చి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క. అదే ప్రతి కమిషనర్, మేయర్, మున్సిపల్ హెల్త్ ఆఫీసరు, మీ వార్డు కార్పొరేటరుకు. పాలకవర్గం లేని కాలమైతే ప్రత్యేకాధికారికి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇంకొకటి వేస్తే ఫైలుకు నంబరు పడుతుంది. జిల్లా జంతు హింస నివారణ సంఘానికీ ఒకటి పంపండి.

సంతకాలు వార్డులవారీగా, ఇంటి నంబరుతో, కాగితం మీద. కొర్లగుంటలో ఓటున్న యాభై మంది సంతకాలు కార్పొరేటరును కదిలిస్తాయి, బెంగళూరు నుంచి వచ్చిన ఐదు వేల ఆన్‌లైన్ సంతకాలు కదిలించవు. కుక్కల్లేని ఇళ్ళవాళ్ళ సంతకాలు ముందు పేజీలో ఉండాలి. కుక్క కరిచిన కుటుంబం ఒక్కటి మన ముసాయిదా మేలని చెప్పినా మిగతా అందరి మాటకన్నా అదే ఎక్కువ. కానీ వాళ్ళను వెంటాడకండి, కెమెరా ముందు నిలబెట్టకండి.

ఊరేగింపుకు కుక్కల్ని తీసుకురావొద్దు. ఎండ, డప్పులు, కొత్త కుక్కలు కలిస్తే ఎంత నెమ్మదైనదైనా బెదురుతుంది, ఆ రోజు పడే ఒక్క కాటుతో ఆరు నెలల పని పోతుంది. ఊళ్ళో పెద్ద కాటు ఘటన జరిగిన వారంలో అర్జీ ఇవ్వొద్దు, అధికారిని కలవొద్దు. ఆ వారం చేయగలిగింది, గాయాన్ని 15 నిమిషాలు సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే టీకాకు వెళ్ళాలని నలుగురికీ చెప్పడం. వీధి కుక్కల గొడవను కూడా దీంతో కలపకండి. వాటికి 2023 నాటి జనన నియంత్రణ నిబంధనలు, సుప్రీంకోర్టు ఆదేశాలు వేరుగా ఉన్నాయి. రెండూ కలిస్తే మన రెండు పేజీల ముసాయిదా చదివేవాడు ఉండడు.

నిషేధం వార్త రాగానే కుక్కను ఊరవతల వదిలేసేవాళ్ళు ఉంటారు. ఇంటి తిండి తప్ప తెలియని ఆ జీవి రోడ్డున పడితే ఆకలితో, భయంతో ఏమైనా చేస్తుంది. మీ బృందంలో ఒకరి పని ఇలాంటి యజమానులతో మాట్లాడటమే కావాలి. ఎవరైనా కుక్కను పట్టుకెళ్ళడానికి వస్తే గొడవపడకుండా రాతపూర్వక ఉత్తర్వు, ఏ సెక్షన్ కిందో అడగండి, టీకా కార్డు, లైసెన్సు చూపించండి, కుక్కను ఎక్కడికి తీసుకెళ్తున్నారో రాయించుకోండి.

అపార్ట్‌మెంట్ సంఘం నిషేధమైతే దారి చిన్నది. జాతిని బట్టో పరిమాణాన్ని బట్టో పెంపుడు కుక్కను సంఘాలు నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి 2015లోనే సూచనలిచ్చింది. ఆ ప్రతిని జతచేసి అధ్యక్షుడికి రాసి, సర్వసభ్య సమావేశం అజెండాలో పెట్టించండి. లిఫ్టు వేళలు, మలం ఎత్తడం లాంటివి మీరే ముందుగా ఒప్పుకుంటే చాలావరకు అక్కడే తెగిపోతుంది.

కోర్టు

అర్జీకి రెండు మూడు నెలల్లో కదలిక లేకపోతే అమరావతి హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చు. ముద్రపడిన అర్జీ, సమాచార హక్కు జవాబులు, జాబితాలోని తప్పులు, పశువైద్యుల లేఖ, మన ముసాయిదా, ఈ వరుసలో న్యాయవాదికి ఇవ్వండి. అధికారం లేకుండా చేశారు, ఎవరినీ వినలేదు, జాతిని తేల్చే పద్ధతే లేదు అన్న మూడు కారణాలు ముందుండాలి. జంతు ప్రేమ చివర.

రద్దు ఉత్తర్వు వచ్చాక ధ్రువీకరించిన ప్రతి తీసుకుని లైసెన్స్ కౌంటరు, సచివాలయాల్లోని పశుసంవర్ధక సహాయకులు, ఊళ్ళోని పశువైద్యశాలలు అన్నింటికీ అందించండి. పాత జాబితా కౌంటరు గోడ మీద అంటించి ఉంటే రాతపూర్వకంగా అడిగి తీయించండి. పట్టుకెళ్ళిన కుక్కలుంటే విడుదల కోసం యజమాని పేరుతో విడివిడిగా అర్జీలు పెట్టించండి, ఒకే అర్జీలో అన్నీ కలిపితే ఒక్క కుక్క కాగితం సరిగా లేకపోయినా మిగతావన్నీ ఆగిపోతాయి.