గ్రంథాలయ సిబ్బందికి ఆన్‌లైన్ శిక్షణ: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా కొనసాగించాలి

గ్రంథాలయ సిబ్బందికి ఆన్‌లైన్ శిక్షణ ఏర్పాటు చేయాలనుకున్న వారిలో చాలామంది ముందుగా కోర్సుల జాబితా తెరుస్తారు. అందులోని పేర్లన్నీ అవసరమైనవిగానే తోస్తాయి కనుక చేయగలిగిన దానికంటే ఎక్కువ ఎంచుకుంటారు, కొద్ది వారాలకే ఆ ఉత్సాహం చల్లారిపోతుంది. నేను సూచించే పద్ధతి కౌంటర్ దగ్గర మొదలవుతుంది. పుస్తకాలు జారీ చేసే బల్ల మీద ఒక నోటు పుస్తకం ఉంచి, పాఠకులు అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పలేక మరొకరిని పిలవవలసి వచ్చిన ప్రతి సందర్భాన్నీ, రేపు రమ్మని పంపవలసి వచ్చిన ప్రతి సందర్భాన్నీ రెండు వారాల పాటు ఒక్కొక్క వాక్యంలో రాయమని అందరినీ కోరండి. తేదీ, ప్రశ్న ఉంటే చాలు, పాఠకుల పేర్లు రాయకూడదు. సమాధానం చెప్పలేకపోయిన ఉద్యోగి పేరు కూడా రాయకూడదు, ఎందుకంటే తమ పేరు అందులోకి ఎక్కుతుందని తెలిసిన మరుక్షణం ఎవరూ ఆ పుస్తకాన్ని ముట్టుకోరు.

రెండు వారాల తరువాత ఆ పేజీలను వరుసగా చదివితే ప్రశ్నలు కొన్ని గుంపులుగా చేరడం కనిపిస్తుంది. ఈ-పుస్తకం ఫోనులో తెరుచుకోవడం లేదని ఒకరు, పరిశోధన వ్యాసం సారాంశం మాత్రమే కనిపిస్తోందని, పూర్తి పాఠం ఎక్కడ దొరుకుతుందని ఇంకొకరు, ఒక పుస్తకంలో ఎన్ని పేజీలు ఫొటోకాపీ తీసుకోవచ్చని మరొకరు అడిగి ఉంటారు. వీటిని మూడు రకాలుగా విడదీయండి: తెలియక ఆగిపోయినవి, గ్రంథాలయ నియమం స్పష్టంగా లేక ఆగిపోయినవి, పరికరమో నెట్ కనెక్షనో పనిచేయక ఆగిపోయినవి. శిక్షణతో తీరేవి మొదటి రకం ప్రశ్నలే. మిగిలిన రెండింటినీ వేరే కాగితం మీద రాసి, వాటిని పరిష్కరించవలసిన అధికారికి అదే రోజు అందించండి. మొదటి రకంలో ఎక్కువసార్లు వచ్చిన రెండు అంశాలను మాత్రమే రానున్న మూడు నెలల శిక్షణకు తీసుకోండి.

కోర్సు ఎంచుకునే ముందు

ఉచితంగా లభించే మంచి పాఠాలు ఈ రంగంలో తగినన్ని ఉన్నాయి. గ్రంథాలయాల అంతర్జాతీయ సహకార సంస్థ ఓసీఎల్‌సీ నిర్వహిస్తున్న వెబ్‌జంక్షన్ అనే సైటు 2003 నుంచి గ్రంథాలయ సిబ్బంది కోసమే పనిచేస్తోంది. అందులో ఖాతా తెరిచిన వారెవరైనా రికార్డు చేసిన వెబినార్లు చూడవచ్చు, తమంతట తాము సాగించే కోర్సులు పూర్తి చేయవచ్చు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన సూచీకరణ (పుస్తక వివరాలను కేటలాగులో నమోదు చేసే పని) శిక్షణ సామగ్రిని అందరికీ అందుబాటులో ఉంచింది. లైబ్రరీ కార్పెంట్రీ పాఠాలు డేటాతో పని చేయవలసిన గ్రంథపాలకుల కోసం తయారైనవి, వాటిని ఎవరైనా వాడుకునేలా స్వేచ్ఛా లైసెన్సుతో ప్రచురించారు. అయితే అవి బోధకుని సమక్షంలో, బృందంగా, చేతులతో చేస్తూ నేర్చుకోవడానికి రూపొందినవి కనుక ఒంటరిగా చదివేవారికి కొంత కష్టంగా ఉంటాయి. కాపీరైటు, స్వేచ్ఛా లైసెన్సుల విషయం లోతుగా కావలసిన వారికి ఆ లైసెన్సులు రూపొందించే సంస్థ క్రియేటివ్ కామన్స్ వారి సర్టిఫికెట్ కోర్సు ఉంది. దానికి రుసుము చెల్లించాలి, సుమారు పది వారాల క్రమబద్ధమైన శ్రమ కూడా కావాలి, అందువల్ల మొదటి కోర్సుగా దాన్ని నేను సూచించను.

పాఠం బాగుందో లేదో తేల్చుకోవడానికి అన్నిటికంటే ముందు దాన్ని తయారుచేసిన తేదీ చూడాలి. సూచీకరణలో ఇది మరీ ముఖ్యం. సూచీకరణకు ఇప్పటి ప్రమాణమైన ఆర్‌డీఏ నియమాలు 2010లో వెలువడ్డాయి కనుక అంతకు ముందు రికార్డు చేసిన పాఠం పాత ఏఏసీఆర్2 పద్ధతినే చెబుతుంది. ఆ నియమాలు ఉండే ఆన్‌లైన్ సైటు ఆర్‌డీఏ టూల్‌కిట్ సైతం పూర్తిగా కొత్త రూపంలోకి మారి, 2020 డిసెంబరులో ఆ కొత్త రూపమే అధికారికమైంది. సాఫ్ట్‌వేర్ పాఠమైతే అందులో చూపిస్తున్న వెర్షన్, మీ గ్రంథాలయంలో నడుస్తున్న వెర్షన్ దగ్గరగా ఉన్నాయో లేదో సరిచూడండి. తెర మీద ఉండవలసిన బటన్ ఉండవలసిన చోట లేకపోతే కొత్తగా నేర్చుకుంటున్న వారు లోపం తమదేనని అనుకొని అక్కడే ఆగిపోతారు.

భాష గురించి కూడా ఆలోచించాలి. పాఠం వినేవారి భాషలో లేనప్పుడు ఉపశీర్షికలు, పూర్తి లిఖిత ప్రతి ఉన్న వాటికే ప్రాధాన్యం ఇవ్వండి. ఆ భాష బాగా వచ్చిన ఒకరు ముందుగా చూసి, ముఖ్యమైన పదాలకు అర్థాలు ఒక పేజీలో రాసిపెట్టి, మిగిలిన వారితో కలిసి మధ్యమధ్యలో ఆపుతూ చూపిస్తే గంట పాఠానికి రెండు గంటలు పట్టవచ్చు. ఆ అదనపు గంట ఖర్చు చేయదగినదే.

సమయం డ్యూటీలో భాగం కావాలి

ఈ ప్రయత్నాలు ఎక్కువగా విఫలమయ్యేది ఇక్కడే కనుక దీని గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను. నేను పనిచేసిన ఒక గ్రంథాలయంలో, నెల రోజుల్లో ఆరు కోర్సులు పూర్తి చేసి సర్టిఫికెట్లు సమర్పించాలని ఆదేశం వచ్చింది. కౌంటర్ వదిలే వీలు ఎవరికీ లేదు. అందరూ రాత్రిళ్లు ఇంట్లో వీడియోలు నడవనిచ్చి, చివరి ప్రశ్నలకు జవాబులు ఒకరినొకరు అడిగి తెలుసుకొని, గడువులోపు సర్టిఫికెట్లు ఇచ్చేశారు. రెండు నెలల తరువాత ఒక వృద్ధ పాఠకురాలు ఈ-పుస్తకం గడువు పొడిగించమని ఫోను తెచ్చి చూపించినప్పుడు, ఆ విషయం మీదనే కోర్సు పూర్తి చేసిన నలుగురిలో ఒక్కరికీ ఎలాగో గుర్తులేదు. ఆమె ముందు మేము నిలబడిపోయిన ఆ క్షణం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. ఆ నలుగురూ పని మీద శ్రద్ధ ఉన్నవారే, వారికి లోటైంది వేళ.

గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా, నిరంతర వృత్తి వికాసంపై 2016లో సవరించి ప్రచురించిన మార్గదర్శకాల్లో, పని గంటల్లో సుమారు 10 శాతం శిక్షణకూ నేర్చుకునే ఇతర కార్యక్రమాలకూ కేటాయించాలని, సిబ్బంది బడ్జెట్‌లో కనీసం 0.5 నుంచి 1 శాతం సిబ్బంది అభివృద్ధికి ఉంచాలని పేర్కొంది. వారానికి 40 గంటలు పనిచేసే వారికి ఈ లెక్కన నాలుగు గంటలు వస్తాయి. అంత ఇవ్వలేని చోట వారానికి ఒక్క గంటైనా డ్యూటీ పట్టికలో పేరుతో సహా రాయండి. పట్టికలో లేని గంటను రద్దీ మింగేస్తుంది. ఆ గంటలో కౌంటర్‌లో ఎవరు ఉంటారో కూడా పక్కనే రాసి ఉండాలి. నేర్చుకుంటున్న వ్యక్తి పాఠకులకు కనిపించని గదిలో, ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కూర్చోవాలి. కౌంటర్‌లోనే కూర్చోబెట్టి, పాఠకులు లేనప్పుడు చూడమంటే పాఠమూ సాగదు, పాఠకులకూ తాము అడ్డం వస్తున్నామనిపిస్తుంది.

ఒక్కరే పనిచేసే చిన్న గ్రంథాలయంలో, తలుపులు తెరవడానికి ముందున్న అరగంటను వారానికి రెండుసార్లు ఇందుకు వాడుకోవచ్చు, అయితే ఆ అరగంట వేతనంతో కూడిన పని వేళలో భాగమై ఉండాలి. పక్క గ్రంథాలయంలోని మరో ఉద్యోగితో వారం వారం ఫోనులో పావుగంట మాట్లాడుకునే ఏర్పాటు ఉంటే ఒంటరితనం తగ్గుతుంది, సందేహాలు కూడా అక్కడే తీరిపోతాయి.

చిన్న చిన్న పనులుగా నేర్పడం

2006లో అమెరికాలోని షార్లట్, మెక్లెన్‌బర్గ్ ప్రజా గ్రంథాలయంలో హెలెన్ బ్లోవర్స్ అనే గ్రంథపాలకురాలు సిబ్బంది కోసం 23 చిన్న పనుల కార్యక్రమం ఒకటి రూపొందించారు. బ్లాగు తెరవడం, ఫొటోలు పంచుకునే సైటు వాడి చూడడం వంటి పనులను ఎవరికి వారు తమ వేగంతో చేసి, తాము గమనించినది సొంత బ్లాగులో రాయాలి. ఆ నమూనా అనేక దేశాల గ్రంథాలయాలకు వ్యాపించింది. దాని బలం ఏమిటంటే, ప్రతి అంశమూ ఉపన్యాసంతో ముగియకుండా చేతితో చేసి చూడవలసిన పనితో ముగిసేది.

మీరూ అలాగే చేయవచ్చు, 23 అవసరం లేదు, ఐదారు పనులు చాలు. పూర్తి పాఠం దొరకని పరిశోధన వ్యాసాల గురించి పాఠకులు ఎక్కువగా అడుగుతున్నారనుకుందాం. మొదటి వారం, అలాంటి వ్యాసాలు మూడింటిని గూగుల్ స్కాలర్‌లో వెతికి, ఒకే వ్యాసానికి ఉన్న ఇతర ప్రతులన్నీ తెరిచి చూడాలి. రెండో వారం, చట్టబద్ధంగా ఉచితంగా లభించే ప్రతిని చూపించే అన్‌పేవాల్‌ను బ్రౌజర్‌లో చేర్చుకొని అవే మూడు వ్యాసాలను మళ్లీ ప్రయత్నించాలి. మూడో వారం, ఉచితంగా చదవగలిగే ఓపెన్ యాక్సెస్ పత్రికల సూచిక డీఓఏజేలో తమ గ్రంథాలయ పాఠకులకు పనికివచ్చే పత్రికలు ఐదింటిని గుర్తించాలి. నాలుగో వారం, ఎక్కడా దొరకని వ్యాసం కోసం మరో గ్రంథాలయం నుంచి తెప్పించే అంతర గ్రంథాలయ సేవకు అభ్యర్థన పంపడం మొదటి నుంచి చివరి వరకు చేసి చూడాలి. ఐదో వారం, ఈ నాలుగు మార్గాలనూ సహోద్యోగికి పదిహేను నిమిషాల్లో వివరించి, పాఠకులకు ఇవ్వదగిన ఒక పేజీ సూచనలు రాయాలి. ఈ వరుసలో వీడియో పాఠం అవసరమైన చోటే వస్తుంది, ప్రతి వారం చేతికి ఏదో ఒకటి మిగులుతుంది.

సూచీకరణ నేర్చుకునే వారికి నాకు తెలిసిన మంచి సాధన ఒకటి ఉంది. కొత్తగా వచ్చిన ఐదు పుస్తకాలు తీసుకొని, ఎక్కడా చూడకుండా మార్క్ 21 (కేటలాగు వివరాలను కంప్యూటరు చదవగలిగేలా రాసే ప్రమాణ రూపం) రికార్డులు స్వయంగా తయారుచేయాలి: కర్తకు 100, శీర్షికకు 245, విషయానికి 650 ఫీల్డులు. తరువాత అవే పుస్తకాలకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కేటలాగులో ఉన్న రికార్డులు తెరిచి, తేడా వచ్చిన ప్రతి ఫీల్డును ఎర్ర సిరాతో గుర్తించి, తేడాకు కారణం రాయాలి. తమ రికార్డే సరైనదని తేలే సందర్భాలూ ఉంటాయి, అప్పుడు కలిగే ధైర్యం ఏ సర్టిఫికెట్టూ ఇవ్వలేదు.

సాధనంతా నకలు మీదనే జరగాలని గట్టిగా చెప్పండి. కోహా వంటి గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌కు ఎవరైనా ప్రయత్నించి చూసే ప్రదర్శన సైట్లు ఉన్నాయి. మీ వ్యవస్థకు పరీక్షా సర్వరు ఉంటే ఇంకా మంచిది. డేటాను శుభ్రపరిచే ఓపెన్‌రిఫైన్ సాధనంతో కర్తల పేర్లను సరిచేయడం నేర్చుకునేటప్పుడు రెండు వందల రికార్డులు వేరుగా దింపుకొని వాటి మీదనే ప్రయత్నించాలి. ఆ సాధనం ఒకేలా ఉన్న పేర్లను ఒకచోటికి చేర్చి చూపుతుంది కానీ, ఒకే పేరుతో ఇద్దరు రచయితలు ఉండవచ్చన్న సంగతి దానికి తెలియదు కనుక కలిపే ముందు ప్రతి జతనూ మనిషి కంటితో చూడాలి. వెబినార్‌లో తెర పంచుకునేటప్పుడు నిజమైన పాఠకుని ఖాతా ఎన్నడూ తెరవకూడదు, పరీక్ష కోసం కల్పిత ఖాతా ఒకటి ముందే తయారుగా ఉంచుకోండి.

గంట వెబినార్ చూసే ముందు, దాని నుంచి తెలుసుకోవలసిన రెండు ప్రశ్నలు రాసుకోవాలి. ముగిసిన రోజే అర పేజీ నోట్సు, ఆ వారంలోనే అసలు పనిలో ఒక ప్రయోగం చేయాలి. మరుపు ఎంత త్వరగా మొదలవుతుందో జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన ప్రయోగాలతో చూపించారు. అందుకే మరునాడు, వారం తరువాత, నెల తరువాత ఐదేసి నిమిషాలు ఆ నోట్సు మూసిపెట్టి, గుర్తున్నది మళ్లీ చేసి చూడమని చెప్పండి.

వెనకబడిపోయేవారు

పుస్తకాలు అరల్లో సర్దే సహాయకులు, సాయంకాలం షిఫ్టులో ఉండేవారు, పార్ట్‌టైం ఉద్యోగులు సాధారణంగా శిక్షణ జాబితాలోకి రారు. పాఠకులు మొదట అడిగేది అరల మధ్య ఎదురైన మనిషినే కనుక ఇది పెద్ద లోటు. ప్రత్యక్ష ప్రసారాలు పగటి షిఫ్టుకే అనువుగా ఉంటాయి, మిగిలిన వారికి రికార్డింగుతో పాటు దాన్ని చూసే గంట కూడా కేటాయించండి. కంప్యూటరు అంటే జంకే సీనియర్ ఉద్యోగిని ఒక యువ సహోద్యోగితో జత చేసినప్పుడు, ఆ యువకుడికి పాత సేకరణల గురించి ఆ పెద్దాయన నేర్పే వీలు కూడా కల్పించండి. అప్పుడు ఎవరూ చిన్నబుచ్చుకోరు. గ్రంథాలయాధికారి కూడా అదే పట్టికలో తన పేరు రాసుకొని, తనకు అర్థం కానిది అందరి ముందు అడగాలి.

ఖాతాలు సంస్థ మెయిలుతో కాకుండా సొంత మెయిలుతో తెరవమని సిబ్బందికి చెప్పండి, బదిలీ అయినా ఉద్యోగం మారినా వారి శిక్షణ వివరాలు వారితోనే ఉంటాయి. సర్టిఫికెట్ల పక్కన ప్రతి ఒక్కరూ మూడు గడుల పట్టిక ఒకటి నడపాలి: తేదీ, నేర్చుకున్నది, దాని వల్ల పనిలో వచ్చిన మార్పు. మూడో గడి వరుసగా ఖాళీగా ఉంటే ఆ కోర్సు ఎంపిక గురించి మళ్లీ ఆలోచించవచ్చు.

మూడు నెలలు గడిచాక కౌంటర్ దగ్గర మళ్లీ రెండు వారాలు అదే నోటు పుస్తకం ఉంచి, పాత పేజీలతో పోల్చి చూడండి. శిక్షణ ఇచ్చిన అంశం మీద కూడా పాఠకులను ఇంకా వెనక్కి పంపుతున్నట్లు కనిపిస్తే, ఆ సిబ్బందిని విడిగా కూర్చోబెట్టి ఏమి అడ్డం వచ్చిందో అడగండి. ఎలా చేయాలో వారికి బాగా తెలిసి ఉండి, సిస్టమ్‌లో తమ లాగిన్‌కు ఆ పని చేసే అనుమతి మాత్రం లేదని చెప్పవచ్చు. అప్పుడు సాఫ్ట్‌వేర్ చూసుకునే వారితో ఆ రోజే మాట్లాడి అనుమతి ఇప్పించండి.