విమానంలోంచి దూకేటప్పటి ఎగ్జిట్ ఫొటోలో మాత్రమే ఫ్లాష్ పడట్లేదా? హెల్మెట్ కెమెరా సమస్యలు, పరిష్కారాలు

ఇది స్కైడైవింగ్‌లో 200 జంప్‌లు దాటి కెమెరా హెల్మెట్ పెట్టుకుంటున్న వాళ్ల కోసం. యూఎస్‌పీఏ (అమెరికా పారాచూట్ సంఘం) ఆ 200 అనే అంకె ఊరికే పెట్టలేదు, తల మీద కెమెరా ఉంటే ధ్యాసంతా అటే పోయి ఆల్టిట్యూడ్ చూసుకోవడం మర్చిపోతారు. పళ్లతో కొరికి ఫొటో తీసే బైట్ స్విచ్ ఏంటి, కంటి ముందు ఉండి కెమెరా గురి చూపే రింగ్ సైట్ ఎలా అలైన్ చేసుకోవాలి, ఇవన్నీ మీకు వచ్చనుకునే రాస్తున్నా.

సమస్య: కింద బాగానే పనిచేసింది, పైకెళ్లాక ఒక్క ఫొటో కూడా రాలేదు

ముందు లెన్స్ పక్కనున్న ఏఎఫ్-ఎంఎఫ్ (ఆటో ఫోకస్-మాన్యువల్ ఫోకస్) స్విచ్ చూడండి. దయచేసి ముందు ఇదే చూడండి. కొత్త కేబుల్ కొనేశాం, కెమెరా రిపేర్‌కి ఇచ్చాం అని వచ్చినవాళ్ల హెల్మెట్ చేతిలోకి తీసుకుని చూస్తే చాలాసార్లు అది ఏఎఫ్‌లోనే ఉంటుంది. ఫోకస్ దొరక్కపోతే షట్టర్ పడదు, ఖాళీ నీలం ఆకాశంలో దానికి ఫోకస్ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. ఎంఎఫ్‌లో పెట్టి, రెండు మూడు మీటర్ల దూరానికి ఫోకస్ చేసి, ఫోకస్ రింగ్, జూమ్ రింగ్, మోడ్ డయల్ మూడింటికీ గాఫర్ టేప్ వేసేయండి, విమానంలో పక్కవాళ్ల మోచేయి తగిలి డయల్ తిరిగిపోవడం మామూలే. అది కాకపోతే బైట్ స్విచ్ పిన్ సగం బయటికి వచ్చిందేమో చూడండి, లేదా ఉమ్ము లోపలికి దిగి ఉంటుంది. ఉమ్ము దిగితే కొరక్కుండానే టపటపా ఫొటోలు పడుతుంటాయి కూడా. ఆరబెట్టి బాగుచేద్దామని చూడొద్దు, మార్చేయండి.

సమస్య: మొదటి ఫొటో చీకటి, రెండో ఫొటో నుంచి ఫ్లాష్ బాగానే పడుతోంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఎరిజోనాలో ఎలోయ్‌లో సాయంత్రం లోడ్ (విమానం ఒక ట్రిప్పు), ఎంఎస్ చదువుతున్న మన తెలుగమ్మాయి ట్యాండెం, అంటే ఇన్‌స్ట్రక్టర్‌కి కట్టుకుని దూకడం. "అన్నా, అమ్మకి పంపాలి, మొహం బాగా కనపడాలి" అని ఎక్కేముందు రెండుసార్లు చెప్పింది. 13,000 అడుగుల దగ్గర తలుపు తీశారు, నేను బయట కెమెరా స్టెప్ (కెమెరామన్ నిలబడే మెట్టు) మీద వేలాడుతున్నా, ఆ అమ్మాయి తలుపు అంచుకి రాగానే కొరికా. దిగాక చూస్తే వెనకాల ఆకాశం నారింజ రంగులో అద్భుతంగా ఉంది, మొహం మాత్రం నల్లగా, పళ్ల వరస ఒక్కటే లీలగా తెలుస్తోంది. తర్వాతి ఫొటోకి ఫ్లాష్ పడింది, కానీ అప్పటికే వాళ్లు విమానం కిందికి వెళ్లిపోయారు. ఎగ్జిట్ ఫొటో మళ్లీ తీద్దామంటే కుదరదు కదా, ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియలేదు నాకు.

బ్యాటరీలు మార్చా, కెమెరా మీద ఫ్లాష్ బిగించే హాట్ షూ కాంటాక్ట్‌లు తుడిచా, బైట్ స్విచ్ కూడా మార్చా, అయినా అదే తంతు. ఒకరోజు పైకి వెళ్తూ హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా, ఫ్లాష్ వెనకాల రెడీ లైట్ ఆరిపోయి ఉంది. అప్పుడు అర్థమైంది. ఫ్లాష్ ఏమీ చేయకుండా 90 సెకన్లు ఉంటే తనంతట తానే నిద్రపోతుంది, మనకేమో పైకి ఎక్కడానికి 15, 20 నిమిషాలు పడుతుంది. వేలితో తీసేటప్పుడు బటన్ సగం నొక్కగానే ఫ్లాష్ లేస్తుంది, తర్వాత షట్టర్ పడుతుంది. నా బైట్ స్విచ్‌లో మాత్రం ఆ సగం నొక్కడం లేదు, ఫోకస్ వైరూ షట్టర్ వైరూ ఒకేసారి కలుస్తాయి, ఫ్లాష్ లేచి చార్జ్ అయ్యేలోపు ఫొటో అయిపోతుంది. కింద టెస్ట్ చేసినప్పుడు ఎందుకు దొరకదంటే ఆన్ చేసి నిమిషం లోపే కొరికి చూస్తాం, అప్పటికి అది మేలుకునే ఉంటుంది. వందసార్లు చూసినా వందసార్లూ పాస్ అవుతుంది.

పరిష్కారం. ఫ్లాష్ కస్టమ్ ఫంక్షన్లలో ఆటో పవర్ ఆఫ్ తీసేయండి, కానన్ 430ఈఎక్స్ టూ లాంటి వాటిలో సీ.ఎఫ్ఎన్ 01 అని ఉంటుంది, 0 ఉన్నచోట 1 పెట్టాలి. కెమెరా ఆటో పవర్ ఆఫ్ వేరే, అది కెమెరా మెనూలో విడిగా తీయాలి, చాలామంది ఒకటి తీసి రెండోది వదిలేస్తారు. అన్నీ తీసినా సరే, తలుపు తీయడానికి రెండు నిమిషాల ముందు హెల్మెట్ పెట్టుకున్నాక అరచేయి లెన్స్ ముందు పెట్టి ఒకసారి కొరకండి. వేళ్ల సందుల్లోంచి తెల్లగా మెరిస్తే ఫ్లాష్ లేచే ఉన్నట్టు. మీ మొహం తోక వైపు తిరిగి ఉండాలి, సాయంత్రం పూట పైలట్ కళ్లలో కొట్టారంటే చాలా తప్పు. నిద్ర తీసేస్తే బ్యాటరీ తొందరగా అయిపోతుంది కాబట్టి చార్జ్ చేసిన ఇంకో సెట్ దగ్గర ఉంచుకోండి. ఎనెలూప్ లాంటి రీచార్జబుల్ వాడండి, వెయ్యి అడుగులకి దాదాపు 2 డిగ్రీలు పడిపోతుంది, కింద 30 ఉంటే తలుపు దగ్గర 4, 5 డిగ్రీలే, ఆ చలిలో మామూలు ఆల్కలైన్ సెల్స్ ఈడ్చుకుంటూ చార్జ్ చేస్తాయి.

సమస్య: ఒక ఫొటోకి ఫ్లాష్ పడి, తర్వాత మూడు నాలుగు చీకటి

వరసగా ఫొటోలు తీసే బర్స్ట్‌లో పట్టుకుని కొరుకుతున్నారు, ఫ్లాష్ అందుకోలేకపోతోంది. ఫుల్ పవర్ దేనికి, మనిషి రెండు మీటర్ల దూరంలోనే ఉంటాడు, మాన్యువల్‌లో 1/8 పవర్ పెట్టి చూడండి.

సమస్య: ఫొటోలో ఒక వైపు నల్లటి పట్టీ

షట్టర్ స్పీడ్ సింక్ (మామూలుగా ఫ్లాష్‌తో వాడగల గరిష్ఠ స్పీడ్) దాటింది, చిన్న కానన్ బాడీల్లో అది 1/200 సెకను. అంతకు మించిన స్పీడ్‌లోనూ ఫ్లాష్ పనిచేసే హై స్పీడ్ సింక్ పెట్టొచ్చు కానీ ఫ్లాష్ బలం బాగా తగ్గుతుంది, ఎండలో దాదాపు ఏమీ మిగలదు.

సమస్య: వీడియో అంతా జెల్లీలా వణుకుతోంది

మౌంట్ స్క్రూ, లేకపోతే హెల్మెట్టే లూజు. మెనూలో స్టెబిలైజేషన్‌తో కుస్తీ పట్టేముందు కెమెరా పట్టుకుని ఊపి చూడండి, హెల్మెట్‌తో పాటు తల కదలాలి. వీడియో అసలు రికార్డే అవ్వలేదంటే ఎర్ర లైట్ చూసి చెప్పమని పక్కవాళ్లని అడగలేదన్నమాట.

ఎత్తులో గాలి పలచన కాబట్టి ఫ్లాష్ పేలదని, స్టాటిక్ కరెంట్ వల్ల అని కొందరు అంటుంటారు, వాటి గురించి ఆలోచించక్కర్లేదు. కేబుల్ లోపల తెగడం ఉంటుంది కానీ అరుదు, వేరే కేబుల్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఫ్లాష్ నెత్తి మీద ఎత్తుగా బిగించినవాళ్లు మాత్రం ఒకటి చేయండి, దాని కింద సందులన్నీ టేప్‌తో మూసేయండి, పారాచూట్ లైన్ దూరడానికి ఒక్క సందు చాలు. లైన్ చిక్కితే హెల్మెట్ వదిలేయాలి, కాబట్టి చిన్ స్ట్రాప్ కటవే హ్యాండిల్‌ని (లాగితే హెల్మెట్ ఊడొచ్చే పిడిని) రోజూ మొదటి లోడ్‌కి ముందు గ్లౌజు వేసుకున్న చేత్తోనే లాగి చూడండి, కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి.